పేగు క్యాన్సర్ ఆపరేషన్ గాయానికి పిన్నులు మంచివా, కుట్లా? చీము పడితే ఎక్కడికి వెళ్లాలి, ఖర్చు ఎవరిది?

మీ నాన్నకు పెద్దపేగు క్యాన్సర్ అని తేలింది. హైదరాబాద్‌లో ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ అయింది. ఎనిమిది రోజులకు డిశ్చార్జి చేస్తే నందిపేట్‌లోని ఇంటికి తీసుకొచ్చారు. ఇంకో మూడు రోజులు గడిచాయి. పొట్ట మీద గాయం పక్కన ఎర్రబడింది, బనియన్‌కు తడి అంటుతోంది. ఇప్పుడు ఎక్కడికి వెళ్లాలి? ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికా, ఆర్మూర్ దవాఖానకా, మళ్లీ దాదాపు రెండు వందల కిలోమీటర్లు ప్రయాణించి హైదరాబాద్‌కా?

నందిపేట్, ఆర్మూర్ చుట్టుపక్కల చాలా ఇళ్లలో కొడుకు హైదరాబాద్‌లోనో, గల్ఫ్‌లోనో ఉంటాడు. ఇలాంటి నిర్ణయాలు ఫోన్‌లోనే జరుగుతాయి. ఫోన్‌కు ఇవతల ఉన్నది మీరే అయితే, ఈ కథనం మీ కోసమే. ముందుగా నాలుగు ముక్కల్లో సారాంశం:

- చర్మాన్ని పిన్నులతో మూశారా, దారంతో కుట్టారా అన్నదాని వల్ల ఇన్ఫెక్షన్‌లో పెద్ద తేడా రాదు. ఇతర విషయాల్లో మాత్రం తేడా ఉంటుంది.
- ఆపరేషన్ అయిన 30 రోజుల లోపు గాయానికి చీము పట్టవచ్చు. ఇంటికొచ్చాక బయటపడేవే చాలా ఉంటాయి.
- ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయితే, డిశ్చార్జి తర్వాత 30 రోజుల లోపు దాని వల్ల వచ్చే సమస్యలకు వైద్యం ప్యాకేజీలో భాగమే.
- గాయం మీద పసుపు వేయకండి. అది నందిపేట్ పసుపైనా సరే.

పేగు ఆపరేషన్ గాయానికే చీము ఎందుకు ఎక్కువ?

థైరాయిడ్, హెర్నియా లాంటి ఆపరేషన్లను వైద్యులు 'శుభ్రమైన' ఆపరేషన్లు అంటారు. లోపల సూక్ష్మజీవులు ఉండే అవయవాన్ని అక్కడ తెరవరు. పెద్దపేగు అలా కాదు. అందులోని మలంలో ఒక్క గ్రాముకు దాదాపు పదివేల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి. అవి పేగులో ఉన్నంతసేపు మనకు మేలే చేస్తాయి. క్యాన్సర్ గడ్డ ఉన్న ముక్కను కోసి తీసి, మిగిలిన రెండు కొసలను కలిపేటప్పుడు కొద్దిగా బయటికి వచ్చినా చాలు, కోత అంచుల్లోని కొవ్వులో చేరి పెరుగుతాయి.

అంటే చాలా సందర్భాల్లో గాయానికి చీము పట్టించే క్రిములు రోగి శరీరం నుంచే వస్తాయి. చీము పట్టింది కాబట్టి డాక్టర్ తప్పు చేశారనో, ఇంట్లోవాళ్లు శుభ్రంగా చూసుకోలేదనో వెంటనే అనుకోనక్కర్లేదు.

ప్రపంచంలో ఇది ఎంత మామూలో ఒక లెక్క చూడండి. 66 దేశాల్లోని 343 ఆసుపత్రుల్లో జీర్ణాశయ, పేగు ఆపరేషన్లు చేయించుకున్న 12,539 మందిని గమనించిన 'గ్లోబల్‌సర్జ్' అధ్యయనం 2018లో లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్ పత్రికలో వచ్చింది. ఆపరేషన్ చేసిన చోట ఇన్ఫెక్షన్ సంపన్న దేశాల్లో 9.4 శాతం మందికి, మధ్యస్థ దేశాల్లో 14 శాతం మందికి, పేద దేశాల్లో 23.2 శాతం మందికి వచ్చింది. మధ్యస్థ దేశాల లెక్క చూస్తే సుమారు ఏడుగురిలో ఒకరికి అన్నమాట.

షుగర్ అదుపులో లేకపోవడం, బీడీ, సిగరెట్, రక్తహీనత, బరువు బాగా తగ్గి నీరసించి ఉండడం, ఊబకాయం, పేగు మూసుకుపోయి అత్యవసరంగా ఆపరేషన్ చేయాల్సి రావడం ఈ ముప్పును పెంచుతాయి. చిన్న రంధ్రాలతో చేసే ల్యాపరోస్కోపిక్ ఆపరేషన్‌లో కోత చిన్నది కాబట్టి గాయానికి ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం తక్కువ. కానీ అందరి గడ్డలూ ఆ పద్ధతికి కుదరవు.

చర్మాన్ని ఎన్ని రకాలుగా మూస్తారు?

పొట్ట కోతను ఒకే కుట్టుతో మూసేయరు. లోపల పొట్ట గోడకు బలాన్నిచ్చే గట్టి పొర ఒకటి ఉంటుంది. ముందు దాన్ని గట్టి దారంతో కుడతారు. దగ్గినా, లేచినా లోపలి పేగును పట్టి ఉంచేది ఆ కుట్టే. అది మీకు కనిపించదు. మీకు కనిపించేది పైన చర్మాన్ని మూసిన తీరు. అందులో ఇవి ప్రధానం:

పిన్నులు: స్టేప్లర్‌తో కొట్టే లోహపు క్లిప్పులు. పొడవాటి కోతను కూడా నిమిషాల్లో మూసేయవచ్చు. పొట్ట మీద అయితే మామూలుగా 10 నుంచి 14 రోజులకు తీస్తారు. తీయడానికి ప్రత్యేకమైన పరికరం కావాలి, మామూలు కత్తెర పనికిరాదు.

విడివిడి కుట్లు: నైలాన్ లాంటి దారంతో ఒక్కొక్కటిగా వేసి ముడి వేస్తారు. ఇవీ తీయాల్సినవే. ఒకచోట చీము కనిపిస్తే అక్కడి ఒకటి రెండు కుట్లు మాత్రమే విప్పి, మిగతావి ఉంచవచ్చు. పిన్నులకూ ఈ వెసులుబాటు ఉంది.

చర్మం లోపలి కుట్టు: కరిగిపోయే సన్నని దారాన్ని చర్మం పైపొర కింద నుంచి అటూ ఇటూ తీసుకుంటూ పోతారు. బయటికి గీత మాత్రమే కనిపిస్తుంది. తీయాల్సిన పని లేదు. వేయడానికి సమయం ఎక్కువ పడుతుంది. చీము పడితే ఆ దారాన్ని తెంపి గాయాన్ని తెరవాలి.

గమ్ము: చర్మాన్ని అంటించే వైద్య జిగురు. ల్యాపరోస్కోపీ రంధ్రాల లాంటి చిన్న గాయాలకు ఎక్కువగా వాడతారు.

మూయకుండా వదలడం: లోపల మలం చిందినా, అప్పటికే చీము ఉన్నా పొట్ట గోడను కుట్టి, చర్మాన్ని మాత్రం కొన్ని రోజులు తెరిచే ఉంచుతారు. రోజూ డ్రెస్సింగ్ చేసి, శుభ్రపడ్డాక కుడతారు, లేదా దానంతట అదే పూడే వరకు ఆగుతారు. చూసేవాళ్లకు 'కుట్టడం మరిచిపోయారా' అనిపిస్తుంది. మరిచిపోలేదు, మురికి లోపల చిక్కుకోకుండా కావాలనే అలా ఉంచుతారు.

మలం కోసం పొట్ట మీద తాత్కాలికంగా పెట్టిన స్టోమాను తర్వాత మూసేటప్పుడు మరో పద్ధతి ఉంది. సంచి మూతి దారం లాగినట్టు గుండ్రంగా కుట్టి, మధ్యలో చిన్న రంధ్రం వదులుతారు. నీరంతా దాని గుండా బయటికి వచ్చేస్తుంది. గీతలా పూర్తిగా మూసేయడం కంటే ఈ పద్ధతిలో ఇన్ఫెక్షన్ తక్కువని పలు అధ్యయనాల్లో తేలింది.

మరి పిన్నులా, దారమా? పరిశోధనలు ఏం తేల్చాయి?

ఈ ప్రశ్నకు పెద్ద ఎత్తున జవాబు వెతికింది జపాన్ సర్జన్లు. పొట్ట తెరిచి చేసే జీర్ణకోశ ఆపరేషన్ల రోగులు వెయ్యి మందికి పైగా పాల్గొన్న వారి అధ్యయనం 2013లో లాన్సెట్‌లో వచ్చింది. కొందరికి చర్మం లోపలి కుట్టు వేశారు, కొందరికి పిన్నులు కొట్టారు. ఎవరికి ఏది అన్నది లాటరీ తీసినట్టు నిర్ణయించారు. గాయం సమస్యలు లోపలి కుట్టు వేసినవారిలో 8.4 శాతం, పిన్నులు వేసినవారిలో 11.5 శాతం. చూడ్డానికి తేడా ఉన్నట్టున్నా, అది కాకతాళీయం కాదని చెప్పగలిగేంత పెద్దది కాదు. పైపై ఇన్ఫెక్షన్ అయితే రెండు గుంపుల్లోనూ దాదాపు సమానం. మచ్చ ఉబ్బెత్తుగా లేవడం మాత్రం లోపలి కుట్టు వేసినవారిలో తక్కువ. అయితే పెద్దపేగు వైపు ఆపరేషన్లు చేయించుకున్నవారిని విడిగా చూస్తే లోపలి కుట్టుతో గాయం సమస్యలు తక్కువగా కనిపించాయి.

దాంతో పెద్దపేగు, పురీషనాళ క్యాన్సర్ రోగులనే తీసుకుని జపాన్‌లోనే మరో అధ్యయనం చేశారు. పన్నెండు వందల మందికి పైగా పాల్గొన్న ఆ అధ్యయనం 2015లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సర్జరీలో వచ్చింది. ఇన్ఫెక్షన్ విషయంలో ఈ రెండింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదు.

దీన్ని మనం ఎలా అర్థం చేసుకోవాలి? 'పిన్నులు కొట్టారు కాబట్టే చీము పట్టింది' అన్న మాటకు ఆధారం లేదు. 'లోపలి కుట్టు వేస్తే చీము రాదు' అన్నదీ నిజం కాదు. ప్రసవ ఆపరేషన్ల దగ్గర మాత్రం తేడా ఉంది. గాయం పైపైన విచ్చుకోకుండా ఉండడానికి సిజేరియన్‌కు పిన్నుల కంటే కుట్లను పరిశీలించమని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2019 మార్గదర్శకాల్లో చెప్పింది. పేగు ఆపరేషన్లకు ఆ సిఫారసు చేయలేదు.

కాబట్టి మీరు ఆలోచించాల్సింది ఇంకో కోణం. పిన్నులైతే 10-14 రోజులకు తీయించడానికి ఒక ప్రయాణం తప్పదు. నందిపేట్ నుంచి హైదరాబాద్ వెళ్లి రావడమంటే ఒక రోజు పని, బండి ఖర్చు. లోపలి కుట్టయితే తీయించే పని ఉండదు. ఆపరేషన్‌కు ముందే 'మేం దూరం నుంచి వస్తున్నాం, కుట్లు మా ఊళ్లో తీయించుకునే వీలు ఉంటుందా?' అని అడగడంలో తప్పు లేదు. తుది నిర్ణయం మాత్రం సర్జన్‌దే. లోపల ఎంత మురికి ఉంది, కొవ్వు ఎంత మందంగా ఉంది అన్నది పొట్ట తెరిచాకే తెలుస్తుంది.

అయితే ఇన్ఫెక్షన్‌ను నిజంగా తగ్గించేవి ఏవి?

ఇక్కడ మన దేశం కూడా పాల్గొన్న ఒక పెద్ద అధ్యయనం గురించి చెప్పుకోవాలి. పేరు 'చీటా'. భారత్, బెనిన్, ఘనా, మెక్సికో, నైజీరియా, రువాండా, దక్షిణాఫ్రికాల్లోని 81 ఆసుపత్రుల్లో 13,301 మంది రోగులతో చేశారు. ఫలితాలు 2022లో లాన్సెట్‌లో వచ్చాయి. చేసిన మార్పు చాలా చిన్నది. పొట్టను మూయడం మొదలుపెట్టే ముందు ఆపరేషన్ బృందం గ్లోవ్స్ మార్చుకోవాలి, అప్పటిదాకా వాడిన పనిముట్లను పక్కన పెట్టి శుభ్రమైనవి తీసుకోవాలి. అంతే. ఇన్ఫెక్షన్ 18.9 శాతం నుంచి 16 శాతానికి తగ్గింది. అంటే ఎనిమిది ఇన్ఫెక్షన్లలో ఒకదాన్ని ఆపినట్టు. పేగు కోసిన చేతులతో, అదే కత్తెరతో చర్మాన్ని కుట్టకూడదన్నది ఇందులోని తర్కం.

ఖరీదైనవన్నీ పనిచేస్తాయని అనుకోవడానికి లేదు. ఇవే ఏడు దేశాల్లో 5,788 మందితో చేసిన 'ఫాల్కన్' అధ్యయనం 2021లో వచ్చింది. క్రిములను చంపే మందు పూసిన ప్రత్యేక దారానికీ మామూలు దారానికీ, అలాగే ఆల్కహాల్ కలిపిన క్లోర్‌హెక్సిడిన్‌కూ పాత పోవిడోన్ అయోడిన్‌కూ మధ్య ఇన్ఫెక్షన్ విషయంలో తేడా కనిపించలేదు. ఆ దారాన్ని, ఆల్కహాల్ క్లోర్‌హెక్సిడిన్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సిఫారసు చేసింది. వైద్యశాస్త్రంలో ఇలాంటి తర్జనభర్జన మామూలే. మీకు వర్తించేది ఒక్కటే. సాదా దారం వాడారని, పాత ఎర్ర మందు పూశారని ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం నాసిరకమని అనుకోవద్దు.

2016 మార్గదర్శకాల్లోని ఈ విషయాలు రోగులు కూడా తెలుసుకోదగ్గవి:

- కోతకు ముందు రెండు గంటల లోపు యాంటీబయాటిక్ ఇవ్వాలి. ఆపరేషన్ అయ్యాక 'ముందు జాగ్రత్త' పేరుతో రోజుల తరబడి కొనసాగించనక్కర్లేదు.
- పెద్దపేగు ఆపరేషన్‌కు ముందు పేగు శుభ్రం చేసే మందు ఇస్తే, దానితోపాటు నోటి ద్వారా యాంటీబయాటిక్ మాత్రలు కూడా ఇవ్వాలి.
- పొట్ట మీద వెంట్రుకలను బ్లేడుతో గీకకూడదు. తప్పనిసరైతే క్లిప్పర్‌తో కత్తిరించాలి. బ్లేడు గాట్లే క్రిములకు దారి.
- ఆపరేషన్ సమయంలో రోగి ఒళ్లు చల్లబడకుండా చూడాలి, షుగర్ అదుపులో ఉంచాలి.

మూడోది ఇంట్లోనే జరిగే పొరపాటు. ఆపరేషన్‌కు వెళ్తున్నామని ముందురోజు ఇంటి దగ్గరే రేజర్‌తో శుభ్రం చేసి తీసుకెళ్తుంటారు. ఆ పని చేయకండి. సబ్బుతో స్నానం చేయించండి, చాలు.

ఆపరేషన్‌కు ముందు మీ చేతుల్లో ఉన్నది

క్యాన్సర్ అని తెలిశాక ఆపరేషన్ తేదీ దాకా కొంత సమయం ఉంటుంది. ఆ రోజులను వృథా చేయకండి. బీడీ, సిగరెట్ మానేయాలి. నాలుగు వారాల ముందే మానితే మంచిది. షుగర్ ఉందో లేదో తెలియకపోతే పరీక్ష చేయించాలి. రక్తహీనత ఉంటే సరిదిద్దాలి. పెద్దపేగు క్యాన్సర్‌లో కనిపించకుండా రక్తం పోతూ ఉంటుంది, హిమోగ్లోబిన్ తగ్గి ఉండడం మామూలు. ఈ పరీక్షల కోసం ప్రైవేటు ల్యాబ్‌కే వెళ్లాల్సిన పని లేదు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో నమూనా ఇస్తే తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా ఉచితంగా చేస్తారు.

ఇంటికొచ్చాక గాయాన్ని ఎలా చూసుకోవాలి?

మొదటి 48 గంటలు ఆసుపత్రిలో వేసిన కట్టును కదపరు. ఆ తర్వాత డాక్టర్ వద్దనకపోతే, గాయం పొడిగా ఉంటే, స్నానం చేయవచ్చు. చెంబుతో నీళ్లు పోసుకోవచ్చు, సబ్బు నురగ గాయం మీదుగా జారినా ఫర్వాలేదు. రుద్దకూడదు. చెరువులో, గోదావరిలో, టబ్బులో మునగకూడదు. శుభ్రమైన మెత్తటి బట్టతో అద్ది ఆరనివ్వాలి. గాయాన్ని ముట్టుకునే ముందు, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. స్టోమా సంచి ఉంటే దాన్ని మార్చాక చేతులు కడగకుండా గాయం దగ్గరికి వెళ్లకూడదు.

బరువులు ఎత్తవద్దు. జనవరి నుంచి మార్చి దాకా పసుపు తవ్వకం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం జోరుగా సాగే రోజులు. 'ఊరికే కూర్చోలేను' అని పెద్దవాళ్లు బస్తా మీద చెయ్యి వేస్తారు. చర్మం పది రోజుల్లో అతుక్కున్నా, లోపలి పొరకు బలం రావడానికి వారాలు, నెలలు పడుతుంది. కనీసం ఆరు వారాలు, డాక్టర్ సరేననే దాకా, బస్తాలు, బిందెలు ఎత్తకూడదు. తొందరపడితే తర్వాత అక్కడే హెర్నియా వస్తుంది. పసుపు ఉడికించే పొగ, పాలిష్ దుమ్ము ఉండే కల్లానికి కూడా కొన్నాళ్లు దూరంగా ఉంచండి.

పసుపు ఎందుకు వేయకూడదు?

పసుపు పండించే ఊళ్లో ఈ మాట చెప్పడం కష్టమే. వేలు తెగితే పసుపు అద్దడం అందరికీ తెలిసిన వైద్యం. పసుపులోని కర్క్యుమిన్ మీద ప్రయోగశాలల్లో పరిశోధనలు జరుగుతున్న మాట నిజం. కానీ ప్రయోగశాలలో శుద్ధి చేసిన పదార్థం వేరు, డబ్బాలోని పొడి వేరు.

పసుపు కొమ్ము నేలలో పెరుగుతుంది. ఉడికించాక రోజుల తరబడి కల్లంలో ఎండుతుంది. పాలిష్ అవుతుంది, బస్తాల్లో నిలవ ఉంటుంది, మర ఆడుతుంది. ఉడికించినా చావని కొన్ని బ్యాక్టీరియా బీజాలు మసాలా పొడుల్లో మామూలుగానే ఉంటాయి. కూరలో వేసి తింటే ఏమీ కాదు. పొట్ట మీద సగం మానిన కోతలో వేస్తే అవి నేరుగా లోపలి కొవ్వులోకి వెళ్తాయి.

రెండో కారణం ఇంకా ముఖ్యం. గాయం ఎర్రబడిందా, కారేది నీరా, చీమా అన్నది రంగు చూసే చెప్పాలి. పసుపు వేస్తే చర్మం, కట్టు అంతా పచ్చగా మారిపోతుంది. తొలి సంకేతాలు కనబడవు. మీరు వీడియో కాల్‌లో చూసినా, డాక్టర్ ఎదురుగా చూసినా తేల్చుకోవడం కష్టం. కొబ్బరినూనె, కాఫీ పొడి, ఆకు పసర్లకూ ఇదే మాట వర్తిస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్, డెటాల్ కూడా మీ అంతట మీరు పోయకండి.

'పప్పు తింటే చీము పడుతుంది' నిజమేనా?

కాదు. ఇది మన ఇళ్లలో బాగా పాతుకుపోయిన నమ్మకం. కుట్లు ఉన్నాయని పప్పు, గుడ్డు, చికెన్ ఆపేసి కారప్పొడి, చారు అన్నం పెడతారు. గాయం మానాలంటే శరీరానికి మాంసకృత్తులు కావాలి. అవి ఉండేది సరిగ్గా మీరు ఆపేసిన పప్పులోనే, గుడ్డులోనే. చీము పుట్టించేది క్రిములు, పప్పు కాదు. క్యాన్సర్ వల్ల ముందే బరువు తగ్గిన మనిషికి పత్యం పేరుతో తిండి తగ్గిస్తే గాయం మానడం ఇంకా ఆలస్యమవుతుంది. పేగు కోసి కలిపారు కాబట్టి మొదట్లో పీచు తక్కువగా, మెత్తగా తినమని చెప్పవచ్చు. ఆ జాబితాను ఆసుపత్రిలోని డైటీషియన్‌ను అడిగి రాయించుకోండి.

ఏ లక్షణాలు కనిపిస్తే ఆగకూడదు?

అదే రోజు డాక్టర్‌కు చూపించాల్సినవి:

- గాయం చుట్టూ ఎరుపు రోజురోజుకూ వ్యాపించడం, ముట్టుకుంటే వేడిగా, గట్టిగా ఉండడం
- తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ పెరగడం
- చీము, దుర్వాసన, లేదా కట్టు తడిసిపోయేంత నీరు
- జ్వరం, చలి
- కుట్ల మధ్య చర్మం విచ్చుకోవడం

క్షణం కూడా ఆగకుండా 108కు ఫోన్ చేయాల్సినవి:

- గాయం నుంచి ఒక్కసారిగా లేత గులాబీ రంగు నీరు ఎక్కువగా రావడం. లోపలి కుట్టు విడిపోతోందనడానికి ఇది సూచన.
- గాయంలోంచి పేగు కనిపించడం. లోపలికి నెట్టకండి. శుభ్రమైన బట్టను కాచి చల్లార్చిన నీటిలో తడిపి కప్పండి. మోకాళ్లు ముడిచి పడుకోబెట్టండి. తాగడానికి, తినడానికి ఏమీ ఇవ్వకండి.
- గాయంలోంచి మలం రంగు ద్రవం రావడం
- పొట్ట ఉబ్బడం, తీవ్రమైన నొప్పి, వాంతులు, గుండె దడ, మనిషి మత్తుగా మారడం. పేగును కలిపిన చోట లీక్ అయితే ఇలా జరుగుతుంది. ఇది ప్రాణాపాయం. బయట గాయం చక్కగా కనిపించినా ఇది రావచ్చు.

గాయం ఫొటో తీసి పంపడం వల్ల ఉపయోగం ఉందా? ఉంది. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బర్గ్‌లో అత్యవసర పొట్ట ఆపరేషన్లు అయిన 492 మందితో చేసిన అధ్యయనంలో, స్మార్ట్‌ఫోన్ ద్వారా లక్షణాలు, ఫొటోలు పంపినవారిలో మొదటి వారంలోనే ఇన్ఫెక్షన్‌ను గుర్తించే అవకాశం పెరిగింది. రోజూ ఒకే సమయంలో, పగటి వెలుతురులో, ఒకే దూరం నుంచి తీయండి. రెండు రోజుల ఫొటోలు పక్కపక్కన పెడితే ఎరుపు పెరుగుతోందో లేదో తెలుస్తుంది. ఫొటోను డాక్టర్‌కు పంపండి. బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. నలుగురూ నాలుగు మందులు చెబుతారు, నాన్న గౌరవమూ పోతుంది.

చీము పడితే వైద్యం ఏమిటి?

చాలామంది చేసే తప్పు ఇక్కడే. ఊళ్లో మూడు రోజులు ఇంజెక్షన్లు వేయించి చూద్దాం అనుకుంటారు. చర్మం కింద చీము నిలిచి ఉంటే యాంటీబయాటిక్ ఒక్కటే దాన్ని తగ్గించలేదు. ఆ చోట పిన్నులో, కుట్లో తీసి, చీము బయటికి పోనిచ్చి, కడిగి, రోజూ డ్రెస్సింగ్ చేయాలి. వైద్యంలో అసలు భాగం అదే. చీమును కల్చర్ పరీక్షకు పంపితే ఏ మందు పనిచేస్తుందో తెలుస్తుంది. ముందే ఏదో ఒక యాంటీబయాటిక్ వాడేస్తే ఆ పరీక్ష ఫలితం కూడా తేడాగా రావచ్చు.

తెరిచిన గాయాన్ని చూసి భయపడవద్దు. అడుగు నుంచి పూడుకుంటూ పైకి వస్తుంది. వారాలు పట్టవచ్చు.

మూడు రోజులు ఆగితే ఏమవుతుందని అడగవచ్చు. క్యాన్సర్ రోగికి ఆ రోజులు ఖరీదైనవి. గడ్డ చుట్టూ ఉన్న లింఫ్ గ్రంథుల్లోకి క్యాన్సర్ పాకి ఉంటే ఆపరేషన్ తర్వాత కీమోథెరపీ ఇస్తారు. దాన్ని సాధారణంగా 6 నుంచి 8 వారాల లోపు మొదలుపెట్టాలి. గాయంలో చీము ఉండగా కీమో ఇవ్వలేరు, ఎందుకంటే కీమో రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది. కీమో బాగా ఆలస్యమైతే దాని ప్రయోజనం తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. చిన్నదనుకున్న చీము చివరికి క్యాన్సర్ వైద్యాన్నే వెనక్కి నెడుతుంది.

ఖర్చు ఎవరిది? ఆరోగ్యశ్రీ ఏం చెబుతోంది?

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్ 9న కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచారు. చాలామందికి ఈ అంకె తెలుసు. తెలియనిది ఇంకొకటి ఉంది. పథకం నిబంధనల ప్రకారం ప్యాకేజీ డిశ్చార్జి రోజుతో ముగిసిపోదు. డిశ్చార్జి తర్వాత 10 రోజుల మందులు అందులో భాగం. డిశ్చార్జి అయిన 30 రోజుల లోపు ఆ చికిత్స వల్ల వచ్చే సమస్యలకు వైద్యం కూడా ఆ నెట్‌వర్క్ ఆసుపత్రే నగదు లేకుండా చేయాలి.

లెక్క వేసి చూడండి. ఆపరేషన్ గాయం ఇన్ఫెక్షన్‌ను వైద్యులు ఆపరేషన్ రోజు నుంచి 30 రోజుల వరకు లెక్కిస్తారు. ఆరోగ్యశ్రీ గడువు డిశ్చార్జి రోజు నుంచి మొదలవుతుంది. జనవరి 1న ఆపరేషన్, 10న డిశ్చార్జి అయితే వైద్యుల లెక్క జనవరి 31తో ముగుస్తుంది, పథకం గడువు ఫిబ్రవరి 9 దాకా ఉంటుంది. అంటే గాయానికి పట్టే చీము దాదాపు ఎప్పుడూ ఈ గడువులోపే పడుతుంది.

అయితే ఒక మెలిక ఉంది. ఆరోగ్యశ్రీ నగదు రహిత పథకం. బయట క్లినిక్‌లో మీరు డబ్బు కట్టి డ్రెస్సింగ్ చేయించుకుని, తర్వాత బిల్లు పెట్టి తీసుకునే వీలు లేదు. కాబట్టి ముందు ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోన్ చేయండి. అక్కడి ఆరోగ్యమిత్రకు చెప్పండి. డబ్బు అడిగితే, చేర్చుకోకపోతే 104కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. ఆపరేషన్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్, గాంధీ, ఉస్మానియా లాంటి చోట జరిగినా మొదటి ఫోన్ అక్కడికే.

ప్రతి డ్రెస్సింగ్‌కూ హైదరాబాద్ పరుగెత్తాల్సిన పని కూడా లేదు. గాయం మామూలుగా ఉంటే కట్టు మార్చడం స్థానిక ప్రభుత్వ ఆసుపత్రిలో జరిగే పనే. చీము కనిపిస్తే, జ్వరం ఉంటే సర్జన్ చూడాలి. నందిపేట్ వాళ్లకు దగ్గరలో ఆర్మూర్ ప్రభుత్వ ఆసుపత్రి, ఆపైన వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉన్నాయి. అత్యవసరమైతే ముందు దగ్గరి చోటికే వెళ్లాలి, అక్కడి నుంచి ఆపరేషన్ చేసిన డాక్టర్‌తో మాట్లాడించాలి. పిన్నులు తీయించడానికైతే, తీసే పరికరం ఉందో లేదో ముందే ఫోన్‌లో కనుక్కోండి.

ప్రైవేటు బీమాతో ఆపరేషన్ అయితే పాలసీలో 'ఆసుపత్రి అనంతర ఖర్చులు' అన్న భాగం చూడండి. ఎన్ని రోజుల వరకు ఇస్తారో అందులో ఉంటుంది. డ్రెస్సింగ్ బిల్లులు, మందుల చీటీలు దాచిపెట్టండి.

డిశ్చార్జి రోజు అడిగి రాయించుకోవాల్సినవి

ఆ రోజు అందరూ ఇంటికి వెళ్లే తొందరలో ఉంటారు. ఈ ప్రశ్నలను ఫోన్‌లో దాచుకుని, జవాబులను డిశ్చార్జి సమ్మరీలో రాయించుకోండి:

- చర్మాన్ని దేనితో మూశారు? తీయాల్సినవా, కరిగేవా?
- తీయాల్సినవైతే ఏ తేదీన, ఎక్కడ? మా ఊళ్లో తీయించవచ్చా?
- కట్టు ఎప్పుడు మార్చాలి? స్నానం ఎప్పటి నుంచి?
- యాంటీబయాటిక్ ఇస్తే ఎన్ని రోజులు, ఎందుకు?
- రాత్రిపూట సమస్య వస్తే ఏ నంబర్‌కు ఫోన్ చేయాలి? గాయం ఫొటో ఎవరికి పంపాలి?
- బయాప్సీ రిపోర్టు ఎప్పుడు వస్తుంది? కీమో అవసరమైతే ఎప్పుడు మొదలవుతుంది?
- 30 రోజుల లోపు ఇబ్బంది వస్తే ఆరోగ్యమిత్ర ఎవరు, వారి నంబర్ ఏది?

ఆ కాగితాన్ని ఫొటో తీసి ఇంట్లో ఇద్దరు ముగ్గురి ఫోన్లలో ఉంచండి. క్యాలెండర్ మీద రెండు తేదీలకు గుర్తు పెట్టండి. ఒకటి కుట్లు తీయాల్సిన రోజు, రెండోది డిశ్చార్జి నుంచి 30వ రోజు. ఆ మధ్యలో నాన్న 'కొంచెం తడిగా ఉంది, తగ్గిపోతుందిలే' అంటే, ఆ మాట దగ్గర ఆగకుండా కట్టు విప్పించి చూడండి, లేదా ఫొటో తీయించుకుని డాక్టర్‌కు పంపండి.